‘బ్రేక్ త్రూ’ అంటే ఒట్టి ‘అధిగమించు’ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే పదో తరగతి పిల్లాడు మొన్న ‘ఐ బ్రోక్ త్రూ మై ఫీవర్’ అని రాశాడు. జ్వరం తగ్గిందని వాడి ఉద్దేశం. ఇలా ఎందుకు రాశావురా అంటే గైడు తెరిచి చూపించాడు. ‘గెట్ ఓవర్’కీ, ‘బ్రేక్ త్రూ’కీ ఎదురుగా ఒకటే మాట: అధిగమించు. తప్పు పిల్లాడిది కాదు. 30 ఏళ్లు బడిలో ఇంగ్లిష్ చెప్పినదాన్ని, ప్రాణం ఉసూరుమంది.

వాడిది పెదజాలరిపేట. తండ్రి వేటకెళ్తాడు. గైడు మూయించి, పడవని సముద్రంలోకి ఎలా దింపుతారో చెప్పమన్నాను. ‘‘ఒడ్డు దగ్గర విరిగే కెరటాలే కష్టం టీచర్‌గారూ. పడవ ముక్కు కెరటానికి ఎదురుగా ఉంచాలి. అడ్డం తిరిగిందా, బోల్తా కొట్టేస్తాది. వాటిని చీల్చుకుని అవతలకెళ్లిపోతే ఇంక భయం లేదు’’ అన్నాడు.

అదే నాయనా బ్రేక్ త్రూ అంటే, అన్నాను. ఎదురుగా ఒక అడ్డు ఉండాలి, బలం పెట్టి దాన్ని చీల్చుకుని అవతలికి పోవాలి. జనం బారికేడ్లు తోసుకుని ముందుకొచ్చినా, మబ్బులు చీల్చుకుని ఎండ వచ్చినా ఆ మాటే. జ్వరం నుంచో, దుఃఖం నుంచో తేరుకుంటే అది గెట్ ఓవర్. తెలుగులో ఈ తేడా మనం పాటిస్తూనే ఉన్నాం కదా! అభిమన్యుడు పద్మవ్యూహాన్ని ఛేదించాడంటాం కానీ, జ్వరాన్ని ఛేదించాడని ఎవరమూ అనం.

పిల్లలు తడబడేది ఇంకోచోట కూడా. ‘బ్రోక్ ది వాల్ త్రూ’ అని మధ్యలో ఇరికిస్తారు. అడ్డు పేరు ఎప్పుడూ ‘త్రూ’ తర్వాతే రావాలి. పరిశోధనలో పెద్ద ముందడుగు పడితే ‘బ్రేక్‌త్రూ’ అంటారే, అది నామవాచకం. కలిపి రాయాలి, ‘బ్రేక్’ని నొక్కి పలకాలి. క్రియ అయితే విడి విడి మాటలు, నొక్కు ‘త్రూ’ మీద.

మీ విద్యా పేజీలో ఇంగ్లిష్ మాటలకి అర్థాలు వేస్తున్నారు, చాలా సంతోషం. అర్థం పక్కన ఒక వాక్యం, ఎక్కడ వాడకూడదో ఒక ముక్క కూడా వేయండి. మర్నాడు మా పిల్లాడు సొంతంగా రాసుకొచ్చినది పంపుతున్నాను: ‘మై ఫాదర్స్ బోట్ బ్రోక్ త్రూ ది వేవ్స్ బిఫోర్ సన్‌రైజ్.’ చోటుంటే ముందుగా దీన్నే వేయండి.

- ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయిని,
పెదవాల్తేరు, విశాఖపట్నం