గుర్రాల యార్డ్ సంగతి

లీడ్స్,
ఆదివారం

ఒరేయ్ రమణా,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు కోప్పడకు. ఇక్కడ అందరం కులాసా. పెద్దాడి పరీక్షలు అయిపోయాయి, శైలజకి దగ్గు తగ్గింది. అంతే విశేషాలు. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెబితేగానీ నాకు తోచేలా లేదు.

మా వార్డులో ఓ పెద్దావిడ నర్సు ఉంది. డ్యూటీ దిగేటప్పుడు రోజూ 'అయామ్ నాకర్డ్' అంటుంది, ఒళ్లు హూనమైపోయిందని. మొన్నయితే 'నన్నింక నాకర్స్ యార్డుకి పంపేయండి' అంది. అందరూ నవ్వారు. అదేం యార్డో చూద్దామని ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

నాకర్ అంటే పని చేయలేని గుర్రాల్ని కొని చంపేవాడురా! విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో బళ్లు, బస్సులు అన్నీ గుర్రాలే లాగేవి కదా. బస్సుకి కట్టిన గుర్రం నాలుగైదేళ్లకే డీలా పడిపోయేది. తర్వాత చిన్నాచితకా పనులు, చివరికి ఆ యార్డు. తోలు చెప్పులకి, గిట్టలు జిగురుకి, ఎముకలు గుండీలకి, ఎరువుకి, జూలు కుర్చీల మెత్తల్లోకి. మాంసం ఉడికించి పిల్లుల కోసం వీధివీధీ తిరిగి అమ్మేవాళ్లట. ఏదీ వదల్లేదు.

దొంగిలించిన గుర్రాలు అక్కడ మాయం కాకూడదని 1786లోనే లైసెన్సులు పెట్టారు. 1849లో ఇంకో చట్టం. గుర్రం రాగానే మెడమీది జూలు కత్తిరించాలి, మూడు రోజుల్లో చంపాలి, ఈలోగా మేత, నీళ్లు పెట్టాలి, దానిచేత పని మాత్రం చేయించకూడదు. అక్కడ ఆగిపోయాను. చంపడానికి కొన్నదాన్ని కూడా బండికి కట్టేవాళ్లుంటేనే కదా అలాంటి చట్టం కావాల్సొచ్చింది! ఎంత కోపమొచ్చిందో.

వెంటనే మన కలెక్టరుగారు గుర్తొచ్చారు, అదేరా, మీ తాతయ్య జట్కా గుర్రం. దానికి కళ్లు కనిపించకపోయినా తాతయ్య అమ్మలేదు. జట్కా మూలన పడ్డాక కూడా దానికి ఉలవలు ఉడకబెట్టించేవారు. (బెల్లం సంగతి ఇక్కడ రాయను, మీ ఆవిడ చదువుతుందేమో.) సాయిబు వచ్చి బేరమాడితే ఆయన అన్న మాట నీకు గుర్తుందా? నేను గోడవతల ఉన్నాను, సగమే వినిపించింది.

ఆ నర్సుకి ఇవాళ కూడా అదనపు డ్యూటీ వేశారు. ఆవిడ వయసుకి అది... సర్లే, కలిసినప్పుడు చెబుతా. తాతయ్య అన్న మాట అత్తయ్యనడిగి తప్పకుండా రాయి. బస్సు టైమైపోయింది, పరుగెత్తాలి.

నీ
శీను