వార్షిక నివేదిక 2022-23: వరద సాయం, ఇంటింటి సర్వే

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, పడవల్లో గోదావరి దాటి సర్వసభ్య సమావేశానికి వచ్చిన లంక గ్రామాల పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

బడిపిల్లలకు నోటు పుస్తకాలు, కంటి పరీక్షల శిబిరం, గట్టు మీద మొక్కలు నాటడం ఎప్పటిలాగే జరిగాయి. ఆ వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. ఈసారి చెప్పాల్సింది 2022 జూలైలో వచ్చిన గోదావరి వరద గురించి.

1986లోనూ 2006లోనూ ఇంతకన్నా పెద్ద వరదలు చూశాం. అవి ఆగస్టులో వచ్చాయి. 2022లో జూలైలోనే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఇస్తారు కాబట్టి లంకల్లో పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

ప్రతి వరదకూ సాయం వస్తుంది. దాతలు మంచి మనసుతోనే తెస్తారు. కానీ లారీ ఏటిగట్టు దగ్గర ఆగిపోతుంది. గట్టు మీదున్నవాళ్లకు రెండేసి ప్యాకెట్లు అందుతాయి, లోపలి లంకలో మేడ మీదో అరుగు మీదో కూర్చున్నవాళ్లకు ఒక్కటీ అందదు. అందుకే ముందు అడిగి, రాసుకుని, ఆ తర్వాతే పంచాలని కార్యవర్గం తీర్మానించింది.

ఫారం ఒక్క పేజీయే. ఇంట్లో ఎన్ని పొయ్యిలు, పసిపిల్లలు, గర్భిణులు, మంచం పట్టినవాళ్లు ఎవరు, ఇన్సులిన్ లాంటి మందులు ఎన్ని రోజులకు ఉన్నాయి, తాగునీరు ఎక్కణ్ణించి, పశువులెన్ని, భూమి సొంతమా కౌలా అని అడిగాం. రేషన్ కార్డును లెక్కగా తీసుకోలేదు. ఒకే కార్డు మీద రెండు పొయ్యిలు వెలిగే ఇళ్లున్నాయి. తల్లి గల్ఫ్‌లో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలున్నారు. ఇటుక బట్టీలకు పనికొచ్చిన కుటుంబాలకు ఇక్కడ కార్డే లేదు. ఆడవాళ్లను విడిగా, ఆడపిల్లల చేతే అడిగించాం. మగవాళ్లు బియ్యం, గడ్డి, పరిహారం అన్నారు. ఆడవాళ్లు మరుగుదొడ్డి, శానిటరీ ప్యాడ్లు, పొడి చీర అన్నారు. రెండూ అవసరాలే. రెండోది ఇంతకుముందు ఏ జాబితాలోనూ ఎక్కలేదు. వచ్చిన సమాధానాలను అంగన్‌వాడీ రిజిస్టరుతోనూ, పడవ నడిపేవాళ్ల మాటతోనూ సరిచూసుకున్నాకే జాబితా ఖాయం చేశాం.

మన సంఘం గర్వంగా చెప్పుకోవలసిన రోజు ఆ తర్వాత వచ్చింది. ఒక దాత లారీ నిండా బియ్యం, దుప్పట్లు పంపుతామన్నారు. ప్రభుత్వ బియ్యం అప్పటికే వస్తోంది. మన కాగితాల్లో ఎక్కువ మంది అడిగింది నీళ్లు, పాలపొడి, గడ్డి. కోశాధికారి గారు ఆ లెక్కలు ఫోన్లో చదివి వినిపిస్తే, ఆ పెద్దమనిషి విసుక్కోకుండా సరుకు మార్చి పంపారు. మనిషికి తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రతకు కలిపి రోజుకు కనీసం 15 లీటర్లు కావాలన్నది సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ అనే అంతర్జాతీయ ప్రమాణం. దాని ప్రకారం క్యాన్లు లెక్కగట్టి లోపలి లంకలకే ముందు పంపాం.

కాలనీకి ముందెందుకని రేవులో కొందరు గొడవపడ్డారు. జాబితా అందరి ముందూ పైకి చదివాం. జబ్బుల వివరాలు మాత్రం చదవలేదు, అవి ఇద్దరి దగ్గరే ఉన్నాయి. కాలనీ పల్లంలో ఉంది, చేతిపంపులు మునిగాయి, పసిపిల్లలు ఎక్కువ. సాయంలో కులం, మతం, ఆడ, మగ తేడా చూపకూడదని 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ చెబుతోంది. గొడవపడినవాళ్లలోనే ఇద్దరు తర్వాత క్యాన్లు మోశారు.

నీరు తీశాక మళ్లీ తిరిగాం. అప్పటికి అవసరాలు మారాయి. ఒండ్రు ఎత్తడానికి పారలు, బ్లీచింగ్ కావాలన్నారు. కొబ్బరి దింపు, ఒలుపు పనివాళ్లు పని కావాలన్నారు. పరిహారం కోసం కౌలు రైతుల పేర్లు విడిగా రాసి ఒక కార్యాలయంలో ఇచ్చాం. పైనుంచి ఆర్డరు లేదన్నారు. ఎన్నిసార్లు వెళ్లినా మా కాగితాలు అదే బల్ల మీద, కట్టు కూడా విప్పకుండా ఉన్నాయి. తోట పోయినవాడు ఒకడు, పరిహారం అందుకునేవాడు ఇంకొకడు కావడం ఇకనైనా ఆగాలి.

సభ్యులకూ ఒక మాట. వాట్సాప్ గ్రూపులో వాలంటీర్లుగా పేర్లిచ్చినవారిలో చాలామంది సర్వేకు రాలేదు, పంపిణీ రోజు ఫోటోకి వచ్చారు. బురదలో ఇల్లిల్లూ తిరిగిన డిగ్రీ పిల్లలు ఆ ఫోటోలో లేరు. వాళ్ల పేర్లు మినిట్స్‌లో రాయించాను.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పట్టిక నోటీసు బోర్డులో ఉంది. మిగులు తక్కువే. చందా బకాయిలు దయచేసి కట్టండి.

డీజిల్ డబ్బులు కూడా పూర్తిగా తీసుకోని పడవ తమ్ముళ్లకు, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, గదులు తెరిచిచ్చిన హెడ్‌మాస్టారికి, వంట చేసిన పొదుపు సంఘం అక్కలకు, గడ్డి పంపిన మెట్ట ప్రాంత రైతులకు, జిరాక్స్ ఉచితంగా తీసిచ్చిన షాపు కుర్రాడికి సంఘం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు.

కొత్త ఫారాలు సిద్ధంగా ఉన్నాయి. జూన్ లోపు ప్రతి ఇంటి వివరాలూ మళ్లీ రాయాలని, లంకకు ఇద్దరు చొప్పున బాధ్యులను ఈ సమావేశంలోనే ఎన్నుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. అందులో ఒకరు మహిళ కావాలి. పని చేయగలిగినవారే చెయ్యెత్తండి.

ఇట్లు,
కార్యదర్శి