హంతకుడి పేరు ముందే తెలిస్తే

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లల సంచుల్లో ఈ మధ్య అపరాధ పరిశోధక నవలలు కనిపిస్తున్నాయనీ, పరీక్షల ముందు వాటిని గ్రంథాలయం నుంచి ఎందుకు ఇస్తున్నారనీ పోయిన పేరెంట్స్ మీటింగులో మీలో కొందరు నన్ను అడిగారు. ఆ రోజు సమయం చాలక సరిగా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ రాస్తున్నాను.

ఈ నవలల్లో చాలావాటిని ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్ల దగ్గర కొన్నాం. వాటిలో ఒకటి ఒకప్పుడు అద్దె పుస్తకాల షాపుది. దాని పదిహేడో పేజీలో ఒక గుమస్తా పేరు కింద గీత గీసి, పక్కనే పెన్సిల్‌తో "హంతకుడు వీడే" అని ఎవరో మహానుభావుడు రాసి పెట్టాడు. అద్దెకు తెచ్చుకుని నవలలు చదివిన మా తరానికి ఈ దుర్మార్గం కొత్త కాదు. ఆ పుస్తకం తీసుకున్న అమ్మాయి మర్నాడే తిరిగి ఇచ్చేస్తుందనుకున్నాను, కానీ చివరిదాకా చదివింది. పెన్సిల్ రాత నిజమేనట. మరి విసుగు పుట్టలేదా అని అడిగితే, ఆ గుమస్తా రోజూ పడుకోబోయే ముందు గోడ గడియారానికి కీ ఇచ్చేవాడనీ, యజమాని చనిపోయిన రాత్రి మాత్రం ఇవ్వలేదనీ, పైసా తేడా రాకుండా లెక్కలు రాసే మనిషి ఆ పని మరిచాడంటే అతని మనసు ఎలా ఉందో తనకు అక్కడే అర్థమైందనీ చెప్పింది.

పాఠకుణ్ణి ఉలిక్కిపడేలా చేసే మలుపు ఒక్కసారికే పనికొస్తుంది. గుమస్తా మనిషిలా ఉంటే, అతని భయానికీ ఆశకూ కారణం కనిపిస్తే, పేరు ముందే తెలిసినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. మలుపు వచ్చాక వెనక్కి వెళ్లి చూస్తే ఆనవాళ్లన్నీ మన కళ్లముందే ఉండాలన్నది కూడా పాత నియమమే. ఇంగ్లండులో మతాచార్యుడిగా ఉంటూ స్వయంగా ఇలాంటి నవలలు రాసిన రోనాల్డ్ నాక్స్ 1929లో పెట్టిన పది నియమాల్లో, నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలనీ, పరిశోధకుడికి దొరికిన ఆధారం పాఠకుడికీ వెంటనే చూపించాలనీ, ముందుగా సూచన లేకుండా కవల సోదరులను దింపకూడదనీ ఉంది. ద్విపాత్రాభినయాలకు అలవాటుపడిన మనకు ఆ చివరిది కాస్త కఠినంగా తోచవచ్చు. మా పిల్లలు మాత్రం గ్రంథాలయ పీరియడ్‌లో ఈ నియమాలు పట్టుకుని రచయితలను నిలదీస్తున్నారు. తెలుగు వాచకంలోని పాఠాన్ని ఇంత పట్టుగా, వెనక పేజీలు తిరగేసి మరీ చదవడం నేను చూడలేదని ఒప్పుకోక తప్పదు.

రక్తపాతాన్ని ఏకరువు పెట్టే పుస్తకాలు ఇవ్వడం లేదు. ప్రతి పుస్తకాన్నీ ఒక ఉపాధ్యాయురాలు చదివాకే అలమరలోకి చేరుతుంది.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంట్ రాజును క్లాసు పుస్తకం మధ్యలో దాచుకుని చదివిన తాతయ్యలు, అమ్మమ్మలు మీ ఇళ్లలో ఉండే ఉంటారు. వారి దగ్గర పాత నవలలు మిగిలి ఉంటే మా గ్రంథాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాను. పంపే ముందు దయచేసి పేజీలు ఒకసారి తిరగేసి, ఎక్కడైనా హంతకుడి పేరు రాసి ఉంటే రబ్బరుతో చెరిపేయండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు