కంటి మూలకణాల పరిశోధనకు అండగా నిలిచిన దాతలకు కృతజ్ఞతలు

మా కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర) పరిశోధన విభాగానికి సాయం చేసిన దాతల కుటుంబానికి, వారిని చూసి తలా కొంత పంపిన మిత్రులకు, విదేశాల్లో ఉంటూ చేయందించిన మనవాళ్లకు, కాన్పు రోజునే మాయను దానమిచ్చిన తల్లులకు మా అందరి తరఫున నమస్కారాలు. తమ పేరు ఎక్కడా రావద్దని ఆ కుటుంబం కోరింది కాబట్టి రాయడం లేదు. ఇచ్చిన డబ్బు ఎటు వెళ్లిందో, దానివల్ల ఏం నిలబడిందో మాత్రం నలుగురికీ తెలియాలి. కొత్త మెషిన్ కొని దాని మీద పేరు వేయమని ఇచ్చేవాళ్లు ఉంటారు. ఉన్న మెషిన్లు ఆగకుండా చూసుకోండి, ల్యాబ్‌లో పనిచేసే యువతీయువకుల జీతాలు ఆపకండి, పేషెంట్లకు బస్సు చార్జీలివ్వండి అని ఇచ్చేవాళ్లు చాలా తక్కువ. వీరు అలా ఇచ్చారు.

ముందు జబ్బు గురించి చెప్పాలి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట చుట్టూ ఒక సన్నటి అంచు ఉంటుంది. దాన్నే లింబస్ అంటారు. కార్నియా పైపొర కణాలు అరిగి రాలిపోతుంటే, వాటి స్థానంలో కొత్తవి పుట్టించే మూలకణాలు ఈ అంచులోనే ఉంటాయి. మన దగ్గర ఈ అంచు కాలిపోవడానికి పెద్ద కారణాల్లో ఒకటి సున్నం. కిళ్లీలోకి, తంబాకులోకి వాడే చిన్న సున్నం ప్యాకెట్‌ను పిల్లలు ఆటగా నొక్కుతారు, అది పగిలి నేరుగా కంట్లో పడుతుంది. యాసిడ్ పడితే ప్రొటీన్లు గడ్డకట్టి అది చాలావరకు పైనే ఆగుతుంది. సున్నం క్షారం కాబట్టి కణాల పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. పైగా సున్నం పలుకులు పైరెప్ప కింద ఇరుక్కుని గంటల తరబడి కాలుస్తూనే ఉంటాయి. అంచు పోయాక తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకి చూపును కప్పేస్తుంది. అప్పుడు ఎవరో దానం చేసిన కార్నియా తెచ్చి అమర్చినా నిలవదు, ఎందుకంటే ఆ కొత్త కార్నియా పైపొరకు కణాలు అందించాల్సిన లింబస్సే అక్కడ లేదు.

దీనికి దారి వేసినవాళ్లలో మన హైదరాబాద్ ముందుంది. ఆ దారి కూడా ఒక దానంతోనే మొదలైంది. సినీ నిర్మాత, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారు బంజారాహిల్స్‌లో ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో అక్కడ కంటి ఆస్పత్రి తెరిచారు. వైద్యంతోపాటు పరిశోధన కూడా అదే ప్రాంగణంలో సాగాలన్నది వారి పట్టుదల. తరువాత అక్కడి మూలకణాల ల్యాబ్‌కు సుధాకర్, శ్రీకాంత్ రవి సోదరులు అండగా నిలిచారు, ల్యాబ్ వారి పేరుతోనే నడుస్తోంది. మంచి కంటి నుంచి చిటికెడు లింబస్ తీసి, ల్యాబ్‌లో పెంచి, కాలిన కంటికి అతికించే చికిత్స అక్కడ 2001లో మొదలైంది. డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి బృందం 2011లో 200 మంది ఫలితాలు ప్రచురించింది, 71 శాతం మందిలో కార్నియా పైపొర నిలిచింది. యూరప్‌లో ఇదే దారిలో వచ్చిన హోలోక్లార్ అనే ఉత్పత్తికి 2015లో అనుమతి వచ్చింది గానీ, దాని ఖరీదు మన ప్రజలకు అందేది కాదు.

ఖర్చు తగ్గించిన అడుగు 2012లో లోకానికి తెలిసింది. కణాలను ల్యాబ్‌లో పెంచడం మానేసి కంటి మీదే పెరగనివ్వడం. దీన్ని స్లెట్ అంటారు. మంచి కంటి పైభాగపు లింబస్ నుంచి 2 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు ముక్క తీస్తారు. కాలిన కంటి మీద పాకిన పొరను జాగ్రత్తగా ఒలిచి, అక్కడ ఉమ్మనీటి సంచి పొరను, అంటే ఆమ్నియాన్‌ను, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్‌తో చేసిన ఫైబ్రిన్ జిగురుతో అతికిస్తారు. ఆ చిన్న ముక్కను మళ్లీ ఎనిమిది పది తునకలు చేసి, చూపు వెళ్లే మధ్యభాగాన్ని వదిలేసి గుండ్రంగా పేర్చి, పైన ఇంకో చుక్క జిగురు వేసి బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్స్ పెడతారు. రెండు వారాల్లో ఆ తునకల నుంచి కణాలు పాకి పైపొర కమ్ముకుంటుంది. 2016లో ప్రచురించిన 125 కళ్ల ఫలితాల్లో 76 శాతం నిలిచాయి.

మా పని మిగిలిన ఆ నాలుగో వంతు గురించి. అవి ఎందుకు నిలవలేదు? కొన్నిటికి కారణం కంటికే కనిపిస్తుంది. రెప్ప లోపలి పొర గుడ్డుకు అతుక్కుపోయి ఉండటం, కన్నీరు బొత్తిగా లేకపోవడం, పిల్లలు కన్ను నలిపి తునకలు రాలిపోవడం వంటివి. మిగతావాటిలో తీసిన ముక్కలో అసలు మూలకణాలు ఎన్ని ఉన్నాయన్నది పెద్ద ప్రశ్న. ఇటలీ శాస్త్రవేత్తలు 2010లో దీన్ని చక్కగా చూపించారు. వారు పెంచిన కణాల్లో మూలకణాలను పట్టిచ్చే పీ63 అనే గుర్తు గాఢంగా కనిపించేవి 3 శాతం కంటే ఎక్కువ ఉన్నప్పుడు 78 శాతం మందిలో ఫలితం నిలిచింది, 3 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు 11 శాతం మందిలోనే. స్లెట్‌లో కణాలను ముందుగా లెక్కపెట్టే వీలు లేదు. అందుకే ముక్క ఎక్కడి నుంచి తీయాలి, ఎంత లోతు తీయాలి, ఆమ్నియాన్ నాణ్యత ఎలా ఉండాలి అన్నవి ల్యాబ్‌లో తేల్చాలి.

అక్కడే దాతల డబ్బు పనికొచ్చింది. కణాల పెంపకానికి 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఆగకుండా ఉండాలి. రాత్రిపూట సిలిండర్ అయిపోతే తెల్లారేసరికి కణాలు పెరిగే పోషక ద్రవాన్ని, అంటే మీడియాన్ని, చూస్తేనే తెలిసిపోతుంది, నారింజ కలిసిన ఎరుపు పోయి ముదురు గులాబీ రంగుకు తిరిగి ఉంటుంది. క్షారగుణం పెరిగిందని దానర్థం, ఆ బ్యాచ్ కణాల మీద ఇక నమ్మకం ఉండదు. ఒక సిలిండర్ ఖాళీ కాగానే రెండోదానికి దానంతటదే మారే పరికరం చిన్నది, కానీ ప్రాజెక్టు బడ్జెట్‌లో దానికి పద్దు ఉండదు. మొదట అది కొన్నాం. తర్వాత ఆమ్నియాన్ దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు సర్వో స్టెబిలైజర్, విడి కరెంటు లైను, ఉష్ణోగ్రత పెరిగితే ఫోనుకు మెసేజ్ పంపే అలారం. ఫ్రీజర్లు పాడయ్యేది ఎక్కువగా కరెంటు పోయినప్పుడు కాదు. గదిలో ఏసీ ఆగి వేసవి వేడికి కంప్రెసర్ ఊపిరాడక పోయినప్పుడు, ముందున్న ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయినప్పుడు, తలుపు రబ్బరు దగ్గర మంచు పేరుకుని సందు ఏర్పడినప్పుడు. అందుకే ఆ గదికి రెండో ఏసీ పెట్టి, రెండూ వంతులవారీగా నడిచేలా టైమర్ వేశాం. ఫిల్టర్ ప్రతి నెలా కడుగుతున్నాం. మెషిన్ల వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) రుసుము కూడా ఈ డబ్బుతోనే కట్టాం. మన దేశంలో గ్రాంటుతో మెషిన్ కొనడం తేలిక, వారంటీ అయ్యాక దాన్ని బతికించుకోవడమే కష్టమని ల్యాబుల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆమ్నియాన్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, తల్లులకు చెప్పాల్సిన కృతజ్ఞత అందులోనే ఉంది. ముందే తేదీ పెట్టుకున్న సిజేరియన్లలోనే మాయను, దాన్ని అంటిపెట్టుకుని ఉండే ఆమ్నియాన్‌తో సహా, తీసుకుంటాం, మామూలు కాన్పులో క్రిములు అంటే అవకాశం ఎక్కువ. తల్లికి ముందుగా అన్నీ చెప్పి, సంతకం తీసుకుని, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తాం. వడకట్టిన శుభ్రమైన గాలి వీచే లామినార్ హుడ్‌లో రక్తపు జీరలు పోయేదాకా యాంటీబయాటిక్స్ కలిపిన సెలైన్‌తో కడిగి, ఆమ్నియాన్‌ను దాని కింద అతుక్కుని ఉండే కోరియాన్ పొర నుంచి వేళ్లతోనే విడదీసి, నైట్రోసెల్యులోజ్ కాగితం మీద కణాలున్న వైపు పైకి ఉండేలా పరిచి, చదరాలుగా కత్తిరించి, గ్లిసరాల్, డీఎంఈఎం అనే మీడియం సమపాళ్లలో కలిపిన ద్రవంలో మైనస్ 80లో దాస్తాం. ఏది ఏ వైపో అనుమానం వస్తే పొడి స్పాంజి మొనతో తాకి చూడాలి. అంటుకుని సన్నటి దారంలా సాగితే అది పొర అడుగు వైపు (స్ట్రోమా), కణాల వైపు అలా సాగదు. వాడేముందు గ్లిసరాల్ పోయేలా సెలైన్‌తో మూడుసార్లు కడగాలి.

ఇంత చేసినా ఆ పొరను వెంటనే వాడకూడదు. కొత్తగా సోకిన వైరస్ మొదటి పరీక్షలో దొరక్కపోవచ్చు కాబట్టి ఆరు నెలల తరువాత తల్లికి మళ్లీ రక్తపరీక్ష చేసి, అది బాగుంటేనే వాడాలి. చిక్కంతా ఇక్కడ వస్తుంది. మన ఇళ్లలో ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తుంది, నెలలు గడిచాక అత్తవారింటికి వెళ్లిపోతుంది. రెండో పరీక్ష జరగకపోతే ఎంత మంచి పొరైనా పారేయాల్సిందే. ఈ సాయంతో ఒక నర్సమ్మను పెట్టుకున్నాం. పసిబిడ్డ టీకాల తేదీలు తెలుసుకుని, టీకాకు వచ్చిన రోజునే తల్లి రక్తం తీసుకునేలా ఆమె ఏర్పాటు చేశారు. దూరంగా ఉన్నవాళ్ల ఊరికి ఆమే వెళ్తారు. ఆ నర్సమ్మకు, పసిబిడ్డను చంకన వేసుకుని మళ్లీ వచ్చి చేయి చాపిన ప్రతి తల్లికీ మేం రుణపడి ఉన్నాం.

జీతాల సంగతి. ప్రభుత్వ గ్రాంటు విడతలుగా వస్తుంది. మార్చి 31కి లెక్కలు కట్టి, డబ్బు వాడిన ధ్రువపత్రం (యూసీ) పంపి, అది ఆమోదం పొంది తరువాతి విడత వచ్చేసరికి నెలలు పట్టొచ్చు. ఆ మధ్యలో పరిశోధక విద్యార్థులు, టెక్నీషియన్లు ఇంటి అద్దెలు కట్టుకోలేక వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. ఆమ్నియాన్ చిరగకుండా ఒలవడం ఒకరికి నేర్పాలంటే నెలల పని, ఆ మనిషి వెళ్లిపోతే చేతి పనితనం కూడా వెళ్లిపోతుంది. దాతల డబ్బులో కొంత భాగాన్ని ఈ ఖాళీ నెలల కోసమే పక్కన పెట్టాం. గ్రాంటు రాగానే, నిబంధనలు ఒప్పుకున్న మేరకు తిరిగి అందులోకే జమ చేస్తాం.

అన్నిటికంటే విలువైనది బస్సు చార్జీ. పొర నిలిచిందో లేదో చెప్పాలంటే కనీసం ఏడాది చూడాలి. చూపు కాస్త మెరుగుపడగానే కూలికి వెళ్లే మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుని, చార్జీ పెట్టుకుని ఎందుకు వస్తాడు? రానివాళ్లలో బాగున్నవాళ్లు ఎందరో, చెడిపోయినవాళ్లు ఎందరో తెలియకపోతే మేం లెక్కగట్టే శాతానికి అర్థమే ఉండదు. ఇప్పుడు పేషెంటుకు, తోడు వచ్చినవారికి రానూపోనూ చార్జీ, ఆ రోజు కూలి, భోజనం ఇస్తున్నాం. ఇవి కూడా పరిశోధన ఖర్చులేనని ఒక్క మాటతో ఒప్పుకున్న దాతల పెద్దమనసుకు మరోసారి నమస్కారం.

ఇది చదివి ఇలాంటి పనులకు ఇవ్వాలనుకునేవారికి కొన్ని సంగతులు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, వేరే సంస్థకు మళ్లించకూడదు, కార్యాలయ ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఈ తేడా ముందే అడగండి, డబ్బు తప్పు ఖాతాలో పడితే తిరిగి పంపడమే పెద్ద పని. ఇక్కడ ఇచ్చేవారికి విరాళం మీద ఆదాయపన్ను రాయితీ రావాలంటే 2,000 రూపాయలు దాటిన మొత్తం నగదుగా ఇవ్వకూడదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ రాయితీ లేదు. చట్టం చెప్పిన స్థాయి దాటిన పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యత, అంటే సీఎస్‌ఆర్ కింద మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి గానీ, ఒక ప్రాజెక్టు మొదలైన సంవత్సరం కాక మరో మూడేళ్లకు మించి సాగనివ్వరు. కంటి పైపొర ఐదేళ్ల తరువాత ఎలా ఉందో చూడాలనుకునే పనికి ఆ గడువు సరిపోదు. అందుకే వ్యక్తులు, కుటుంబాలు షరతులు లేకుండా, చిన్న మొత్తమైనా ఏటా ఇచ్చే డబ్బు మాకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంకో విన్నపం, ఇది డబ్బుతో పని లేనిది. కంట్లో సున్నం పడితే వెంటనే కుళాయి కింద కన్ను తెరిచి అరగంటకు తగ్గకుండా నీళ్లు పోయండి. పైరెప్పను ఎత్తి, దాని కింద కూడా నీళ్లు పారేలా చూడండి. ఆముదం, చనుబాలు, నెయ్యి, నిమ్మరసం ఏదీ వేయకండి. ఆ తరువాతే ఆస్పత్రికి బయలుదేరండి, దారిలో కూడా కడుగుతూనే ఉండండి.

ఈ ఏడాది ఖర్చుల పట్టిక, రసీదుల నకళ్లు విభాగం కార్యాలయంలో ఉన్నాయి, దాతలు ఎవరైనా వచ్చి చూడొచ్చు. మిగిలిన డబ్బుతో కణాలు పెంచే రెండో ఇంక్యుబేటర్‌కు కూడా సిలిండర్ మార్చే పరికరం పెట్టి, బస్సు చార్జీల నిధిని వచ్చే రెండేళ్లకు సరిపడా ఉంచుతున్నాం.