చోడిపిండి వేడీ, బ్లాక్ హోల్ గుండె చప్పుడూ

ఒరేయ్ శ్రీనూ,

నాన్నకి బాగానే ఉందిరా, ముందు అది చెప్పేస్తే నీ టెన్షన్ తగ్గుతుంది. మొన్న ఛాతీ పట్టేసినట్టుందంటే విజయనగరంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను, పేరెందుకులే. ఎక్స్‌రే గది ముందు మూడు గంటలు కూర్చోబెట్టారు, తీరా మా వంతు వచ్చేసరికి కరెంటు పోయింది. ఆ మూడు గంటలూ నాన్న ఈసీజీ కాగితం చేత్తో పట్టుకుని చూస్తుంటే నాకేం గుర్తొచ్చిందో చెప్తే తిడతావు. జీఆర్‌ఎస్ 1915+105.

ఏటిరా అది అంటావా? అదొక బ్లాక్ హోల్ పేరు, ఆగు చెప్తాను. సంక్రాంతికి మేడ మీద అడిగావు కదా, వెలుగునే మింగేసే బ్లాక్ హోల్‌ని ఎలా చూస్తార్రా అని. ఆ రోజు ఏదో వాగేశాను గానీ సరిగ్గా చెప్పలేకపోయాను.

చోళ్లు మర పట్టించుకుని సైకిల్ మీద వచ్చేవాళ్లం గుర్తుందా? పిండి సంచీ ఒళ్లో పెట్టుకుంటే తొడలు చురుక్కుమనేవి. చల్లటి గింజ, రాళ్ల మధ్య రాపిడికి అంత వేడెక్కేది. బ్లాక్ హోల్ దగ్గరా రాపిడే. బ్లాక్ హోల్‌కి జంటగా మామూలు నక్షత్రం తిరుగుతుంటే దాని వాయువుని ఇది లాగేసుకుంటుంది. ఆ వాయువు తిన్నగా వెళ్లి పడిపోదు, దానికీ తిరుగుడు ఉంటుంది కాబట్టి చుట్టూ పళ్లెంలా పరుచుకుని, పొరకి పొర రాసుకుంటూ, సుళ్లు తిరుగుతూ లోపలికి జారుతుంది. లోపలి అంచుకి వచ్చేసరికి వేడి కోటి డిగ్రీల దాకా పోతుంది, అంత వేడికి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. గడప దాటాక ఏదీ తిరిగి రాదు, గడప ముందు వేడినే శాస్త్రవేత్తలు పట్టుకునేది.

ఎక్స్‌రేలు మన గాలి దాటి కిందకి రావు. అందుకని 1964లో రాకెట్ పంపితే హంస మండలం అనే నక్షత్రాల గుంపులో సిగ్నస్ ఎక్స్-1 దొరికింది, అదీ ఇలాంటి బ్లాక్ హోలే. 1970లో ఉహురు ఉపగ్రహం వెళ్లాక తెలిసింది, అది కుదురుగా వెలగదని. తర్వాత చూస్తే సెకనులో వెయ్యో వంతులో కూడా మినుకుమంటోంది. ఆ వెయ్యో వంతులో కాంతి వెళ్లగలిగేది 300 కిలోమీటర్లే, మన శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా అనుకో. అంటే మినుకుమనే చోటు అంతకన్నా పెద్దది కాకూడదు. అంత ఇరుకు చోటులో ఉన్నది 21 సూర్యుళ్ల బరువట, 2021లో లెక్క సరిచేశారు. దాని జంట నక్షత్రం 5.6 రోజులకోసారి చుట్టి వస్తుంది, ఆ తిరుగుడు చూసే బరువు కట్టారు.

ఇక మన ఈసీజీ సంగతి. జీఆర్‌ఎస్ 1915 దాదాపు 30 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, 1992లో ఒక్కసారి వెలిగి కనబడింది. బరువు 12 సూర్యుళ్ల చిల్లర. తిరగని బ్లాక్ హోల్ అనుకుని లెక్క కడితే ఈ చివరి నుంచి ఆ చివరికి 70 కిలోమీటర్ల పైచిలుకు, మన విజయనగరం–శ్రీకాకుళం బస్సు టికెట్టు దూరంరా! దానికున్నన్ని వేషాలు ఇంకెవరికీ లేవు. 2000లో దాని ఎక్స్‌రే తీరుని 12 రకాలుగా విడగొట్టి గ్రీకు అక్షరాలు పెట్టారు, అవీ చాలక తర్వాత ఇంకొన్ని. అందులో ఒకటి అచ్చం గుండె కొట్టుకున్నట్టే: మెల్లగా ఎక్కుతుంది, టక్కున శిఖరం, దబ్బున పడుతుంది, నిమిషానికి అటూ ఇటూగా ఒకటి. పళ్లెం లోపలి భాగం నిండి, తన వెలుగు ఒత్తిడికి తానే తట్టుకోలేక ఖాళీ అయ్యి, మళ్లీ నిండుతుందని అనుకుంటున్నారు. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం కూడా దీన్ని బాగా చూసింది. 2018 నుంచి ఎందుకో మసకబారిపోయింది, నాకైతే బెంగగా ఉంది.

దీనికి పూర్తి ఎదురు వీ404 సిగ్నీ అనే ఇంకో బ్లాక్ హోల్. 1938లో ఒకసారి, 1989లో, మళ్లీ 2015 జూన్‌లో పేలినట్టు వెలిగింది, మధ్యలో ఏళ్లకేళ్లు నిద్ర. మన ఊరి గెడ్డకి గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్లు నిలిచి నిలిచి ఒకరోజు తోసుకుపోతాయి కదా, అలాంటిదే. పళ్లెం చల్లగా ఉన్నంతకాలం వాయువు కదలక పోగుపడుతుంది. కొన్ని వేల డిగ్రీలకి చేరి హైడ్రోజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లు వదిలేశాయా, రాపిడి పెరిగి పోగంతా లోపలికి దూకుతుంది.

సిరిమానుకి వస్తావుగా, బైనాక్యులర్స్ తేవడం మరిచిపోకు. అక్టోబరు సాయంత్రం హంస మండలం నెత్తి మీదకే వస్తుంది. సిగ్నస్ ఎక్స్-1 జంట నక్షత్రం మామూలు కంటికి ఆనదు గానీ, ఊరి దీపాలకి దూరంగా పొలం గట్టు మీద పడుకుని బైనాక్యులర్స్‌తో చూస్తే దొరుకుతుంది. నాన్న కూడా వస్తానంటున్నారు, డాక్టర్ ఒప్పుకుంటేనే అన్నాను.

నీ
రాముగాడు