హాజరు పట్టీలో ఉన్నవారంతా స్టేషన్‌లో ఉన్నారా?

సంపాదకులకు నమస్కారం.

పల్లెల్లో పోలీసులు చాలడం లేదన్న మాట ఎత్తినప్పుడల్లా ప్రభుత్వాల నుంచి రెండు జవాబులు వస్తాయి: ఇన్ని వేల పోస్టులు భర్తీ చేస్తున్నాం, ఇన్ని కొత్త భవనాలు కడుతున్నాం. రెండూ కావలసినవే. అయితే పల్నాడు జిల్లాలో బొల్లాపల్లి లాంటి అడవి అంచు మండలం నుంచి అర్ధరాత్రి 112కు ఫోన్ చేసే మనిషికి కావలసిన లెక్క వేరు. ఆ వేళకు స్టేషన్ నుంచి బండెక్కి బయలుదేరగలిగిన వారు ఎందరు? ఆ సంఖ్యను మండలాలవారీగా బయటపెట్టాలని అడగడానికే ఈ లేఖ.

కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లు కలిపి ఇరవై మంది ఉన్న మండల స్టేషన్ ఒకటి అనుకుందాం. రాత్రీ పగలూ మనిషి ఉండి తీరవలసిన పనులు కనీసం నాలుగు: సెంట్రీ, రిసెప్షన్, పెట్రోలింగ్ బండి డ్రైవరు, అతని పక్కన ఇంకొకరు. వారానికి 168 గంటలు. మనిషికి 48 గంటల డ్యూటీ వేస్తే ఒక్కో పనికి మూడున్నర మంది కావాలి. సెలవులు, శిక్షణలు, జబ్బులు కలుపుకుంటే నలుగురు. అక్కడికే పదహారు మంది అయిపోయారు. స్టేషన్ రికార్డులు రాసే రైటరు, ఆయనకు సాయంగా ఒకరు, కోర్టు కానిస్టేబుల్, సమన్లూ వారంట్లూ తిప్పేవారు, కేసుల వివరాలు ఎక్కించే సీసీటీఎన్‌ఎస్ కంప్యూటర్ దగ్గర ఒకరు, స్పెషల్ బ్రాంచ్ సమాచారం చూసేవారు ఒకరు కలిస్తే ఇరవై రెండు. ఎస్సై వెంట దర్యాప్తుకు గానీ, ఊళ్ల బీటుకు గానీ, బందోబస్తుకు గానీ మనం ఇంకా ఒక్కరినీ పంపలేదు.

పైగా ఆ ఇరవై మందీ అక్కడ ఉండరు. కొందరు సర్కిల్ ఆఫీసుకు, డీఎస్పీ ఆఫీసుకు, జిల్లా కేంద్రంలోని ఏదో ఒక ప్రత్యేక బృందానికి అటాచ్‌మెంట్ మీద, అంటే బదిలీ లేకుండానే అక్కడ పనిచేయడానికి, వెళ్తారు. ఒకరిద్దరు శిక్షణలో, ఒకరు ప్రసూతి సెలవులో ఉంటారు. అటాచ్‌మెంట్‌తో వచ్చే అసలు చిక్కు ఏమిటంటే, వెళ్లిన మనిషి జీతం, పేరు పాత స్టేషన్ లెక్కలోనే ఉంటాయి. పోస్టు నిండినట్టే కనబడుతుంది కాబట్టి ఖాళీల జాబితాలోకి ఎక్కదు, భర్తీకీ రాదు. మంజూరు సంఖ్య, పనిచేస్తున్న సంఖ్య అంటూ రెండే గళ్లు ఉన్న నివేదికలో ఈ లోటు ఎప్పటికీ బయటపడదు. మూడో గడి కావాలి: ఈ రోజు డ్యూటీకి అందుబాటులో ఉన్నవారు.

పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ (బీపీఆర్‌డీ) కోసం హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని, నాలుగింట మూడు వంతుల మందికి నెలలో ఒక్క వారాంతపు సెలవైనా దక్కడం లేదని అందులో తేలింది. ఎనిమిది గంటల షిఫ్టు నడవాలంటే స్టేషన్ల మంజూరు బలాన్ని సుమారు 1.68 రెట్లు చేయాలని కూడా తేల్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జూన్‌లో పోలీసులకు వారాంతపు సెలవు ప్రకటించారు. చాలా మంచి నిర్ణయం. కానీ మనుషులను పెంచకుండా ఇచ్చే సెలవు ఎన్నాళ్లు నిలుస్తుంది?

పల్నాడుకు తనదైన బరువులు ఇంకా ఉన్నాయి. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కదిలే రోజుల్లో జిల్లా నలుమూలల నుంచీ సిబ్బందిని అక్కడికి తీసుకుపోవాల్సిందే. అన్ని లక్షల జనం మధ్య అది తప్పదు. తప్పు పట్టవలసింది, ఆ రోజుల్లో మారుమూల స్టేషన్లకు కనీస బలం ఎంత మిగలాలో రాతపూర్వకంగా నిర్ణయించకపోవడాన్ని. వ్యవసాయ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లలోని రాగి తీగ ఎత్తుకుపోయేవారికి రాత్రి బీటు ఎప్పుడు ఉండదో ముందే తెలుస్తుంది.

వినుకొండ, నరసరావుపేటల మీదుగా పోయే 544డీ జాతీయ రహదారి సంగతి చూడండి. రాత్రి ఒక్క ప్రమాదం జరిగిందంటే గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చాలి, బండ్లు పక్కకు తీయించి ట్రాఫిక్ వదలాలి, చనిపోయినవారికి శవ పంచనామా చేయాలి, పోస్టుమార్టం అయ్యేదాకా శవం దగ్గర ఒక కానిస్టేబుల్ ఉండాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ఇవ్వాలి. బాధిత కుటుంబానికి పరిహారం త్వరగా అందడానికి పెట్టిన మంచి నియమాలివి. రాసే చేతులు లేక గడువు దాటితే ఆ కుటుంబమే నష్టపోతుంది.

2024 జులై 1న వచ్చిన కొత్త చట్టాలు ఈ పనిని ఇంకా పెంచాయి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం మొత్తాన్ని వీడియో తీయాలి. ఏడేళ్లు, అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని 176వ సెక్షన్ చెబుతోంది. దీన్ని అమల్లోకి తెచ్చేందుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. ఆ బృందం జిల్లా కేంద్రం నుంచి అడవి పక్క ఊరికి చేరేసరికి గంటలు పడుతుంది. అంతసేపూ తాడు కట్టి, జనం తొక్కకుండా, వాన వస్తే రక్తపు మరకలు, అడుగుజాడలు చెదరకుండా కాపాడడానికి కనీసం ఇద్దరు అక్కడే నిలబడాలి. ఆ ఇద్దరు లేని చోట ఆధారం పోతుంది, కేసు కోర్టులో వీగిపోతుంది.

మహిళా సిబ్బంది కొరత మరీ తీవ్రం. ప్రతి స్టేషన్‌లో కనీసం ముగ్గురు మహిళా ఎస్సైలు, పది మంది మహిళా కానిస్టేబుళ్లు ఉండాలని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు సూచించింది. మహిళా సహాయ కేంద్రం ఇరవై నాలుగు గంటలూ నడవాలంటే అంతమంది అవసరమని ఆ లెక్క. పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసులో బిడ్డ వాంగ్మూలాన్ని వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, బిడ్డ ఇంట్లోనో ఆ బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. మహిళా ఎస్సై లేని స్టేషన్ పక్క స్టేషన్‌ను అడిగి, ఆమెకు వీలు దొరికేదాకా ఆగాలి. ఈలోగా ఊళ్లో పెద్దమనుషులు రాజీ మాటలు మొదలుపెడతారు. మహిళలను నియమించడంతోనూ సరిపోదు. విశ్రాంతి గది, తలుపు గట్టిగా పడే మరుగుదొడ్డి, రాత్రి డ్యూటీకి ఉండే వసతి లేని స్టేషన్ నుంచి వారు బదిలీ కోరుకోవడంలో తప్పేముంది?

భవనాల విషయంలో అందరూ మరచిపోయేది నిర్వహణ ఖర్చు. ప్రారంభోత్సవం నాడు మెరిసిన స్టేషన్‌లో రెండేళ్లకు ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిపోతుంది, ప్రింటర్‌లో టోనర్ ఉండదు, జీపు డీజిల్ కోటా నెలాఖరుకు ముందే అయిపోతుంది. అప్పుడు ఆ కాగితం, ఆ డీజిల్ ఎవరు ఇస్తారు? ఊళ్లో పలుకుబడి ఉన్న వ్యాపారో, కాంట్రాక్టరో ఇస్తే, రేపు అతని మీదే ఫిర్యాదు వచ్చినప్పుడు ఎస్సై ఏ ముఖంతో ఎఫ్ఐఆర్ కడతాడు? తెలంగాణ ఏర్పడిన కొత్తలో అక్కడి ప్రభుత్వం నెలవారీ నిర్వహణ కింద హైదరాబాద్ స్టేషన్లకు 75 వేలు, జిల్లా కేంద్రాల్లోని వాటికి 50 వేలు, గ్రామీణ స్టేషన్లకు 25 వేల రూపాయలు ప్రకటించింది. ఆ పద్ధతి సరైనది. ఇప్పటి ధరలకు తగ్గట్టు ఆ మొత్తాన్ని పెంచి, రెండు రాష్ట్రాల్లోనూ నేరుగా స్టేషన్ ఖాతాకు జమచేసి, ఏటా ఆడిట్ చేయించాలి. మారుమూల స్టేషన్ తిరగవలసిన దూరం ఎక్కువ కాబట్టి దాని డీజిల్ కోటాను జనాభాతో కాక కిలోమీటర్లతో లెక్కగట్టాలి.

సీసీ కెమెరాల సంగతీ అంతే. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం రికార్డింగులు 18 నెలలు, సాధ్యం కాని పక్షంలో కనీసం ఏడాది నిలవ ఉండాలి. పన్నెండు కెమెరాలు సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున రికార్డు చేసినా రోజుకు 130 జీబీ అవుతుంది. 8 టీబీ డిస్కు రెండు నెలలకే నిండి పాత దృశ్యాలను చెరిపేస్తుంది; ఏడాదికి 47 టీబీ కావాలి. టెండరులో కెమెరాల సంఖ్యతో పాటు నిలవ సామర్థ్యం కూడా రాయకపోతే తీర్పు అమలైనట్టు కాదు.

ఆవరణల్లో తుప్పు పట్టే బండ్లను ఏళ్ల తరబడి ఉంచవద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కొత్త సంహిత 497వ సెక్షన్ ప్రకారం వస్తువు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో దాని వివరాలు రాసి, ఫొటోలు తీయించి, ఆపై 30 రోజుల్లో ఏం చేయాలో కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి. స్టేషన్లు ఈ దరఖాస్తులు వరుసగా వేస్తే సగం ఆవరణ ఖాళీ అవుతుంది.

ఇక నియామకాలు. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో, తుది రాత పరీక్ష 2025 జూన్‌లో జరిగాయి. ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. తొమ్మిది నెలల శిక్షణ కలిపితే నోటిఫికేషన్ నుంచి స్టేషన్ గడపకు దాదాపు నాలుగేళ్లు. ఈలోగా రిటైరైనవారి ఖాళీలు ఎంత పెరిగి ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఏటా ఎందరు రిటైరవుతారో ముందే తెలిసిన శాఖలో ఏటా నియామకం పెట్టడం అసాధ్యమేమీ కాదు.

2024 మే 13 పోలింగ్ నాటి హింస తర్వాత పల్నాడుకు అదనపు బలగాలు వచ్చాయి, ఆనక వెళ్లిపోయాయి. ఏ ఊళ్లో ఏ రెండు వర్గాలు కస్సుమంటున్నాయో, ఏ ఇంట్లో కర్రలు దాచారో వచ్చిపోయే బలగాలకు తెలియదు. అది నెలకు నాలుగుసార్లు ఊరికి వెళ్లే బీటు కానిస్టేబుల్‌కు, రెండేళ్లు ఒకే చోట ఉన్న ఎస్సైకి తెలుస్తుంది. స్టేషన్ బాధ్యత చూసే అధికారికి (ఎస్‌హెచ్‌ఓ) కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా.

కాబట్టి హోంశాఖను, డీజీపీ కార్యాలయాన్ని కోరుతున్నది ఇది. ప్రతి మూడు నెలలకు స్టేషన్‌వారీగా మంజూరు బలం, పోస్టింగులో ఉన్నవారు, అటాచ్‌మెంట్ మీద బయట ఉన్నవారు, మహిళా సిబ్బంది, నడిచే వాహనాలు ఎన్నో జిల్లా పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. అడవి మండలాల్లో భద్రత దృష్ట్యా ఒక్కో స్టేషన్ సంఖ్య చెప్పకూడదనుకుంటే సర్కిల్‌వారీగా ఇవ్వండి. ఆరు నెలలు దాటిన అటాచ్‌మెంట్లను రద్దు చేయండి, లేదా ఆ పోస్టును ఖాళీగా చూపి భర్తీ చేయండి. శిక్షణ ముగించుకుని వచ్చే కొత్త కానిస్టేబుళ్లలో మొదటి వాటా, అందుబాటులో ఉన్న బలం మంజూరు బలంలో సగానికి పడిపోయిన మండల స్టేషన్లకు ఇవ్వండి. మొదటి జాబితా వచ్చే శాసనసభ సమావేశాల్లోపు రావాలని, మా ఎమ్మెల్యేలు పార్టీలతో పని లేకుండా దీన్ని సభలో అడగాలని కోరుతున్నాం.

ఇట్లు,
వినుకొండ ప్రాంత పాఠకులు కొందరు,
పల్నాడు జిల్లా