సినిమా రోడ్డులో ఒక్క పాత హాలునైనా నిలపాలి

సంపాదకులకు నమస్కారం.

కాకినాడలో సినిమా రోడ్డుకు ఆ పేరు తెచ్చిన పాత హాళ్లలో మూతపడినవన్నీ వ్యాపార సముదాయాలుగా మారిపోకముందే, కనీసం ఒక్కదానినైనా సినిమాలకూ నాటకాలకూ సభలకూ పనికివచ్చే ప్రజా మందిరంగా పునరుద్ధరించాలని నగరపాలక సంస్థను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు వంటివారు వెండితెరకు వెళ్లకముందు యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో రాణించింది ఈ ఊళ్లోనే. అటువంటి ఊళ్లో నేడు నాటకం వేయదలచిన యువకులు కల్యాణ మండపాల చుట్టూ తిరగవలసి రావడం బాధాకరం. మండపంలో నేల చదునుగా ఉంటుంది కనుక వెనుక కూర్చున్నవారికి నటుల తలలే కనిపిస్తాయి, మాట గోడలకు తగిలి చెదిరిపోతుంది. వాలుగా దిగే నేల, బాల్కనీ, తెర ముందు వేదికకు చోటు ఉన్న పాత హాలును బాగుచేస్తే ఈ ఇబ్బందులు చాలావరకు తీరుతాయి.

యజమానులను తప్పుపట్టలేము. డిజిటల్ ప్రదర్శనకు అయ్యే ఖర్చు, కరెంటు బిల్లులు, మల్టీప్లెక్సుల పోటీ తట్టుకుని ఒంటి తెర హాలు నడపడం ఎవరికైనా కష్టమే. రోడ్ల విస్తరణలో స్థలం కోల్పోయినవారికి ఇచ్చే టీడీఆర్ బాండ్ల (బదిలీ చేసుకోదగిన నిర్మాణ హక్కు పత్రాల) వంటి పరిహారమో, దీర్ఘకాలపు లీజో ఇస్తే వారికీ న్యాయం జరుగుతుంది. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం నూరేళ్లు నిండిన కట్టడాలకే వర్తిస్తుంది కాబట్టి, అంత వయసు లేని హాళ్లకు ఆ రక్షణ దొరకదు. స్థానిక సంస్థే పూనుకోవాలి.

ఇది జరగని పని కాదు. 1911లో ప్రారంభమై, తరువాత సినిమా హాలుగా నడిచి, 1993లో మూతపడిన ముంబయి రాయల్ ఒపేరా హౌస్ పునరుద్ధరణ అనంతరం 2016లో మళ్లీ తెరుచుకుంది. మనకు అంత వైభవం అక్కరలేదు. గట్టి పైకప్పు, సరిపడా అత్యవసర ద్వారాలు, శుభ్రమైన మరుగుదొడ్లు, పేద కళాబృందాలు భరించగల అద్దె ఉంటే చాలు.

మూతపడిన హాళ్లలో ఏది నిలబెట్టదగినదో ఊళ్లోనే ఉన్న జేఎన్‌టీయూ సివిల్ ఇంజినీరింగ్ నిపుణుల చేత పరీక్ష చేయించాలనీ, ఆ నివేదిక వచ్చేవరకు సినిమా రోడ్డులో ఏ హాలు కూల్చివేతకూ అనుమతి ఇవ్వరాదనీ అధికారులకు నా విన్నపం.

— ఒక పాఠకుడు, కాకినాడ